తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

మిల్లులో ఒకరి వేళ్ళు పోయిన రోజు రాసే కాగితాల్లో ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో తరచుగా పడే మాట ‘కార్మికుడి అజాగ్రత్త’. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, నల్లగొండ చుట్టుపక్కల జిన్నింగు మిల్లుల్లో, జడ్చర్ల, కొత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. నాకు కోపం ఈ మాట మీదే. నడుస్తున్న మిషన్‌లో చెయ్యి పెట్టడం తప్పే, ఎవరూ కాదనరు. కానీ ఆగిన మిషన్‌లో చెయ్యి పెట్టినవాడి వేళ్ళు ఎట్లా పోయినయి? ఆగిందనుకున్నది మళ్ళీ ఎందుకు తిరిగింది? ఎవరు తిప్పారు? తిరగకుండా దాన్ని ఏది పట్టి ఉంచాలి? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ ‘అజాగ్రత్త’ జవాబు కాదు.

నా వాదన ఇది. మిషన్‌లో చెయ్యి పెట్టేది ఎవరో, దాని కరెంటుకు వేసిన తాళం వాళ్ళదే కావాలి. తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉండాలి. రెండో చెవి ఇంకెవరి దగ్గరా ఉండకూడదు. గోడ మీద బోర్డులు, చేతి తొడుగులు, మార్చి 4న చేయించే భద్రతా ప్రతిజ్ఞలు అన్నీ దీని తర్వాతే.

ఇది మన దగ్గర తెలియని సంగతేం కాదు. ఊళ్ళో లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు చెప్పి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఫీడరు ఆపిస్తాడు. పని అయ్యాక, కిందికి దిగాక, ఎల్‌సీ తిరిగి ఇచ్చేది కూడా అతనే. ఆ పద్ధతి తప్పిన చోట స్తంభం మీదే ప్రాణం పోతుందని పల్లెలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అదే ఊరి మనిషి మిల్లులో ఫిట్టరుగా చేరితే అతనికి ఎల్‌సీ అనేదే లేదు. ‘ఆపినం, చెయ్యి పెట్టు’ అని అవతలి నుంచి ఒక కేక. అంతే.

మిషన్ మామూలుగా నడిచేటప్పుడు చెయ్యికి దానితో పని తక్కువ. వడ్లు దానంతట అవే పడుతుంటాయి, బెల్టు మీద జాలీ ఉంటుంది, మనిషి బయట నిలబడి చూస్తుంటాడు. సరుకు ఇరుక్కుని తట్టుకుపోయినప్పుడు, బెల్టు తెగినప్పుడు, గ్రీజు పెట్టేటప్పుడు, తుడిచేటప్పుడు సంగతి మారిపోతుంది. జాలీ ఊడదీసి పక్కన పెడతారు. చెయ్యి లోపలికి పోతుంది. పైగా ఒకరు కాదు, ముగ్గురు నలుగురు పోగవుతారు. ఒకరు లోపల, ఒకరు ప్యానెల్ బోర్డు దగ్గర, ఒకరు పై అంతస్తులో. లోపలున్నవాడికి పైవాడు కనపడడు, చుట్టూ మిగతా మిషన్ల మోతలో మాట వినపడదు. ‘పెట్టు’ అన్నాడో ‘పట్టు’ అన్నాడో తేలే లోపలే స్టార్టు బటన్ నొక్కేస్తారు.

చెయ్యి చటుక్కున తీసుకోవచ్చు కదా అనేవాళ్ళు ఒక లెక్క వేసుకోవాలి. ప్రమాదం కంటపడి, చెయ్యి కదలడం మొదలవడానికి సెకనులో నాలుగో వంతు పడుతుంది అనుకుందాం. సెకనుకు మీటరున్నర పోయే మామూలు కన్వేయరు బెల్టు ఆ లోపల 37 సెంటీమీటర్లు జరుగుతుంది. వేలి కొస నుంచి చూసుకుంటే మోచేతికి కొంచెం ఇవతల దాకా. వడ్ల పొట్టు తీసే 10 అంగుళాల రబ్బరు రోలు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే దాని అంచు సెకనుకు 13 మీటర్లు పోతుంది. నాలుగో వంతు సెకనులో మూడు మీటర్ల పైన, మనిషి ఎత్తుకు దాదాపు రెట్టింపు. ఎంత చురుకైనవాడైనా ఆ రోలు పట్టాక చెయ్యి వెనక్కి లాక్కోలేడు. జాగ్రత్త అనేది చెయ్యి లోపలికి పోకముందు ఉండాల్సిందే తప్ప, పోయాక పనికొచ్చేది కాదు.

ఇక ‘ఆపినం’ అనే మాట సంగతి. ఎర్ర బటన్ నొక్కితే ఆగేది చక్రమే. మోటారు స్టార్టర్‌లోని కాంటాక్టర్ (కరెంటును కలిపి తెంపే స్విచ్) దాకా మూడు ఫేజులూ అట్లాగే వచ్చి నిలబడి ఉంటాయి. మోటారు మళ్ళీ తిరగడానికి ఎవరో బటన్ నొక్కనక్కర కూడా లేదు. పై బిన్నులో లెవెల్ సెన్సర్ ఖాళీ అని చూపిస్తే వడ్లను పైకెత్తే ఎలివేటర్ దానంతట అదే మొదలవుతుంది. డ్రైయర్ ప్యానెల్ నుంచి టైమర్ కాంటాక్టర్‌ను కలపవచ్చు. కాంటాక్టర్ పాయింట్లు మాడి అతుక్కుపోతే స్టాప్ నొక్కినా కరెంటు తెగదు. స్పీడు తగ్గించి పెంచే డ్రైవ్ ఉన్న మోటారు సంగతి ఇంకా మోసం. చప్పుడు లేదు, కదలిక లేదు, ఆగిపోయిందనిపిస్తుంది. నిజానికి అది తర్వాతి ఆదేశం కోసం చూస్తోంది. ఎమర్జెన్సీ స్టాప్ పుట్టగొడుగు బటన్ కూడా ఇంతే. అది ప్రమాదం జరుగుతుంటే కొట్టడానికి పెట్టింది. దాన్ని నొక్కి లోపల చెయ్యి పెట్టేవాడి వేళ్ళు, ఆ బటన్‌ను తిప్పి పైకి లేపగల ప్రతి మనిషి చేతిలో ఉన్నట్టే.

బావుల దగ్గర ఆటోస్టార్టర్లు పెట్టుకున్న రైతులకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. కరెంటు రాగానే మనిషి లేకుండానే మోటారు మొదలవుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆ ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు, భూగర్భజలం కోసం. మిల్లుల్లో అదే గుణం ఉన్న పరికరం ఒకటి ఎవరి కంటా పడకుండా కూర్చుంది. అది ఓవర్‌లోడ్ రిలే. దాని ముఖం మీద చిన్న మీట, ఒకవైపు ‘ఆటో’, ఒకవైపు ‘మాన్యువల్’. మోటారు ఇరుక్కుని వేడెక్కితే రిలే ట్రిప్ అవుతుంది. మీట ఆటోలో ఉంటే కొన్ని నిమిషాలకు చల్లబడి తానే మళ్ళీ కలుస్తుంది. స్టార్టు సంకేతం బటన్ నుంచి కాక లెవెల్ స్విచ్ నుంచో, తిప్పి వదిలేసే రోటరీ స్విచ్ నుంచో వస్తుంటే మోటారు వెంటనే తిరుగుతుంది. ఆ కొన్ని నిమిషాల్లో లోపల ఏముంటుంది? తట్టుకున్నది తీయడానికి పెట్టిన చెయ్యి. ప్రతిసారీ పైకెక్కి రీసెట్ నొక్కే బాధ తప్పుతుందని ఆ మీటను ఆటోకు తిప్పినవాళ్ళు ఈ సంగతి ఆలోచించి ఉండరు. ఈ వ్యాసం చదివాక చేయగల మొదటి పని ఇదే. ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపి, మిల్లులోని ప్రతి స్టార్టరూ తెరిపించి, ఆ మీట మాన్యువల్‌లో ఉందో లేదో చూడండి. పైసా ఖర్చు లేదు.

రైస్ మిల్లులో నేను అన్నిటికంటే భయపడేది పెద్ద పాలిషర్‌కు కాదు, సైక్లోన్ (గాలి నుంచి ఊకను విడదీసే గరాటు) కింద ఉండే ఎయిర్‌లాక్‌కు. ఊక, దుమ్ము గాలి నుంచి విడిపోయి కిందికి దిగే చోట గుండ్రటి పెట్టె, దాని లోపల ఆరో ఎనిమిదో రెక్కల చక్రం. నిమిషానికి ముప్పై చుట్లు తిరుగుతుంది. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఎవరికీ భయం ఉండదు. కానీ 1440 చుట్ల మోటారును గేర్‌బాక్స్ 30 చుట్లకు తగ్గించిందంటే, తిప్పే బలం 48 రెట్లు పెరిగిందని అర్థం. చక్రం వ్యాసం అడుగు అనుకుంటే, ఒక్క హార్స్‌పవర్ మోటారు కూడా రెక్క అంచు మీద దాదాపు 160 కిలోల బరువు మోపగలదు. గేరులో కొంత పోయినా వంద కిలోల పైనే మిగులుతుంది. గాలి జారకూడదు కాబట్టి రెక్క అంచుకూ పెట్టె గోడకూ మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే అది కత్తెర. వేలు ఎముకతో సహా తెగుతుంది, చక్రం ఆగినట్టు కూడా బయటికి తెలియదు.

అది తట్టుకునేది ఊకతో కాదు. ఊక జారే సరుకు. గోనె సంచి సుతిలి, ప్లాస్టిక్ సంచి దారం, వానకు తడిసిన ఊక ముద్ద, ఈ మూడూ దాన్ని పట్టేస్తాయి. దారం ఇరుసుకు చుట్టుకుని రెక్క ఆగుతుంది. పక్కన చేతి రంధ్రం మూత తీసి, దారం లాగుతారు. మోటారు ఇంకా కరెంటు మీదే ఉంటే, దారం తెగిన క్షణమే రెక్క కదులుతుంది. కరెంటు తీసేసినా పైన సైక్లోన్‌లో నిలిచిన ఊక బరువు రెక్కను కాస్త తిప్పవచ్చు. వేలు పోవడానికి ఆ కాస్త చాలు. కాబట్టి కరెంటు తెంపి తాళం వేయాలి, ఆపైన రెక్కల మధ్య చెక్క దిమ్మ అడ్డం పెట్టాలి, ఆ తర్వాతే కొక్కెంతో దారం లాగాలి. చేతి రంధ్రం మూతకు చేత్తో తిప్పే రెక్క నట్లు కాకుండా పానా పెడితే గానీ ఊడని బోల్టులు వేయాలి. కింది నుంచి చెయ్యి పెట్టే వీలుంటే గొట్టాన్ని పొడిగించాలి. చెయ్యి పట్టే రంధ్రానికి, 120 మిల్లీమీటర్ల వరకు, తెగే అంచు కనీసం 850 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. భుజం దాకా దూర్చినా వేళ్ళు అందకూడదు, ఆ లెక్క అక్కడి నుంచి వచ్చింది. రోజుకు ఆరుసార్లు తట్టుకుంటుంటే మాత్రం తప్పు ఎయిర్‌లాక్‌ది కాదు. గోతి దగ్గర వడ్లు పోసే చోట సుతిలి ఏరే జల్లెడ లేదని అర్థం. అక్కడ ఒక జల్లెడ బిగిస్తే చెయ్యి పెట్టే అవసరమే ఆరు నుంచి ఒకటికి దిగుతుంది. చాలా మిల్లుల్లో ఈ రెండిటికీ సంబంధం ఉందనే ఎవరూ చూడరు.

ఎలివేటర్ సంగతి వేరు, అక్కడ ప్రమాదం తెచ్చేది కరెంటు కాదు, బరువు. నలభై అడుగుల ఎలివేటర్ సరుకుతో ఆగిపోతే, పైకెక్కే వైపు డబ్బాలన్నీ నిండి ఉంటాయి, దిగే వైపు ఖాళీ. కింద బూట్‌లో, అంటే అడుగు పెట్టెలో, ముద్ద కట్టిన వడ్లే బెల్టును పట్టి ఆపుతుంటాయి. మెయిన్ తీశారు, తాళం వేశారు, అంతా సరిగ్గానే చేశారు. మూత తీసి ముద్దను కెలికితే, నిండిన వైపు ఒక్కసారి కిందికి దూకుతుంది, బెల్టు వెనక్కి పరుగెత్తుతుంది. చెయ్యి డబ్బాకూ రేకుకూ మధ్య ఉంటుంది. దీనికి మందు తల దగ్గర ఉంది. పై పుల్లీ వెనక్కి తిరగకుండా పట్టే బ్యాక్‌స్టాప్ ఉంటే అది పనిచేస్తోందో లేదో చూడాలి. లేకపోతే బూట్ తెరవకముందే నిండిన వైపు బెల్టును రెండు చెక్కలతో, బోల్టులతో బిగించి ఫ్రేముకు కట్టాలి. ఆ తర్వాత సరుకును పారతోనో గీరుడు కర్రతోనో తీయాలి, చేత్తో కాదు.

బరువు ఒక్కటే కాదు, తాళానికి లొంగనివి ఇంకా ఉన్నాయి. బ్లోయర్ ఫ్యాన్ ఆపాక నిమిషాల తరబడి తనకు తాను తిరుగుతూనే ఉంటుంది. సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరే మిషన్), బస్తా నింపే మిషన్ల గాలి సిలిండర్లలో కరెంటు పోయినా గాలి అట్లాగే నిలిచి ఉంటుంది, గాలి వాల్వు మూసి లోపలిది వదిలేస్తే గానీ సిలిండర్ చావదు. కన్వేయరు బెల్టును బిగించే బరువు, జిన్నింగు మిల్లు ప్రెస్సులోని ఆయిల్ ఒత్తిడి, డ్రైవ్ లోపల కెపాసిటర్లు, బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి, ఇవన్నీ అంతే. డ్రైవ్ మూత మీద ఎన్ని నిమిషాలు ఆగాలో రాసే ఉంటుంది, అన్ని నిమిషాలూ ఆగాలి.

స్క్రూ కన్వేయరు గురించి ఒక్క మాట. దాని మూత తీసి నడిపించి చూస్తే గానీ ఎక్కడ పట్టిందో తెలియదంటారు. నిజమే, చూడాల్సిందే. చూడటానికి కళ్ళు చాలు కదా. మూత కింద ఇనుప చువ్వల జాలీ ఒకటి బోల్టులతో బిగించి ఉంచితే మూత తీసినా స్క్రూ చేతికందదు. చువ్వల మధ్య సందు 12 మిల్లీమీటర్లయితే జాలీకీ స్క్రూకీ మధ్య కనీసం 100 మిల్లీమీటర్లు ఉండాలి.

షెల్లర్‌లో రెండు రబ్బరు రోళ్ళు ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి వేగంగా, ఒకటి నెమ్మదిగా. ఆ తేడాతోనే వడ్ల మీద పొట్టు ఊడుతుంది, ఆ తేడాతోనే చేతి మీద చర్మం ఊడుతుంది. రోలు మార్చేటప్పుడు ప్రమాదం రోలు బరువులో ఉందనుకుంటారు. కాదు, బిగించాక సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి ‘కొంచెం కొట్టు’ అని ప్యానెల్ దగ్గరవాడితో బటన్ తట్టించే క్షణంలో ఉంది. ‘కొంచెం’ అనే కొలత బటన్‌కు తెలియదు. రోలును చేత్తో పుల్లీ పట్టి తిప్పి చూడాలి. కరెంటుతోనే చూడక తప్పకపోతే, మిషన్‌లో చూసేవాడే బటన్ నొక్కాలి, రెండు చేతులూ బటన్ పెట్టె మీదే ఉండాలి, వదిలితే ఆగాలి. ఒకరి చెయ్యి లోపల, ఇంకొకరి వేలు బటన్ మీద, ఈ ఏర్పాటును ఏ కారణం చేతా ఒప్పుకోకూడదు.

చేత్తో పుల్లీ తిప్పడమూ ఊరికే చేసే పని కాదు. కరెంటు పూర్తిగా తీసేసి, తాళం వేసుకుని కూడా వేళ్ళు పోగొట్టుకునే పని ఒకటుంది. అది వీ-బెల్టు వేయడం. మోటారు జరపడం బద్ధకమై, బెల్టును పుల్లీ అంచు మీద పెట్టి, ఒక చేత్తో తోస్తూ ఇంకో చేత్తో పుల్లీ తిప్పుతారు. బెల్టు గాడిలోకి చటుక్కున దూకినప్పుడు తోసే వేళ్ళు బెల్టు కింద ఉంటాయి. పుల్లీ బరువుకు ఇంకో పావు చుట్టు తిరుగుతుంది. సరైన పద్ధతి అందరికీ తెలిసిందే. మోటారు బేసు నట్లు వదులు చేసి, బిగింపు బోల్టు వెనక్కి తిప్పి, మోటారును ముందుకు జరిపితే బెల్టు బలం పెట్టకుండా చేత్తో జారుతుంది. పాత బెల్టుల సెట్టు మొత్తం ఒకేసారి మార్చాలి, ఒక్కటే కొత్తది వేస్తే బరువంతా దాని మీదే పడి వారానికే తెగి మళ్ళీ ఇదే పని. రెండు పుల్లీల మధ్య బెల్టు మీటరు పొడవుంటే నడిమధ్య నొక్కినప్పుడు 16 మిల్లీమీటర్లు దిగేలా బిగించాలి. వదులైతే జారి మాడుతుంది, బిగువైతే బేరింగు పోతుంది. రెండిట్లో ఏదయినా మళ్ళీ జాలీ ఊడదీయాల్సిందే, మళ్ళీ చెయ్యి లోపలికి పోవాల్సిందే.

జాలీల సంగతి కూడా చెప్పాలి. ఎనిమిది బోల్టులు ఊడదీస్తే గానీ రాని జాలీని ఒకసారి తీసినవాడు రెండోసారి బిగించడు. ఆ మనిషిని తిట్టి లాభం లేదు, జాలీని మార్చాలి. ఒకవైపు కీలు, ఒకవైపు పానాతో తిరిగే ఒకే ఒక్క బోల్టు. రేకు బదులు తీగ జాలీ, బెల్టు కనపడేలా. బేరింగు గ్రీజు నిప్పుల్ లోపల ఉంటే అక్కడి నుంచి సన్నటి గొట్టం జాలీ బయటికి తెచ్చి చివర నిప్పుల్ పెడితే, గ్రీజు కోసం జాలీ తీసే పనే ఉండదు. గ్రీజు గన్ విషయంలో ఇంకో జాగ్రత్త. ముక్కు దగ్గర కారుతోందని వేలితో మూయకూడదు. ఆ ఒత్తిడికి గ్రీజు సూది పొడిచినట్టు చర్మంలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్క, నొప్పి కూడా మొదట్లో ఉండదు. లోపల వేలంతా పాడవుతుంది. అది అదే రోజు ఆపరేషన్ చేయాల్సిన గాయం, ఆయింట్‌మెంటు గాయం కాదు.

తిరిగే ఇరుసు దగ్గర చేతి తొడుగు రక్షణ కాదు, ఉచ్చు. నూలు తొడుగు దారం ఒక బోల్టు తలకు చిక్కితే తొడుగుతో పాటు చెయ్యి పోతుంది. మెడలో తువ్వాల, వదులు చొక్కా చేతులు, ఉంగరం, మొలతాడు బయటికి వేలాడటం, కడియం, ఆడవాళ్ళ గాజులు, కొంగు, అన్నీ ఇదే. ఉంగరం చిక్కి లాగితే వేలి చర్మం మొత్తం తొడుగులా ఊడి వస్తుంది. పెళ్ళి ఉంగరమైనా సరే, పనిలోకి దిగే ముందు తీసి డబ్బాలో పెట్టాల్సిందే.

తాళం పద్ధతిని ఇంగ్లిషులో లాకౌట్ అంటారు. మన దగ్గర ఆ మాట వినగానే యాజమాన్యం గేటు మూసేసిందని భయపడతారు, కాబట్టి తాళం అనే అందాం. పని మొదలుపెట్టే ముందు ఆ మిషన్‌తో సంబంధం ఉన్న అందరికీ చెప్పాలి. మామూలు బటన్‌తో ఆపాలి. తర్వాత మిషన్ దగ్గరి ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) హ్యాండిల్ కిందికి దించి, దాని రంధ్రంలో తాళం వేయాలి. అది లేకపోతే ప్యానెల్‌లోని ఎంసీబీకి, అంటే చిన్న బ్రేకర్ స్విచ్‌కు, క్లిప్పు పెట్టి వేయాలి. పాత బోర్డుల్లో కిట్‌క్యాట్ ఫ్యూజులుంటే మూడూ పీకి జేబులో పెట్టుకునే అలవాటు కొందరికి ఉంది. ఏమీ చేయని దానికంటే అది ఎంతో మేలు, కానీ పక్కన స్పేరు ఫ్యూజులు పడి ఉంటే ఎవడో తెచ్చి గుచ్చేస్తాడు. బోర్డు తలుపుకు తాళం వేస్తేనే అది పూర్తవుతుంది. నలుగురు పనిచేస్తుంటే నలుగురివీ నాలుగు తాళాలు, ఆరు రంధ్రాల హాస్పు (పలు తాళాలు పట్టే కొక్కెం) ఒకటి పెడితే అన్నీ పడతాయి. మేస్త్రీ తాళం కింద కూలీలంతా అనుకోవడం కుదరదు. మేస్త్రీ ఛాయ్‌కి పోయేటప్పుడు లోపల ఎవరూ లేరనుకునే వీలుంది.

ఆ తర్వాత నిలిచిన బలాలను వదిలించాలి, గాలి, బరువు, ఒత్తిడి. ఆపైన అందరూ దాటేసే మెట్టు వస్తుంది. చెయ్యి పెట్టే ముందు స్టార్టు బటన్ నొక్కి చూడాలి. మిషన్ తిరగకూడదు. బోర్డు మీద రాసిన ‘ఎలివేటర్ 3’ నిజంగా మూడో ఎలివేటర్‌దేనా? రంగు చెరిగి, వైర్లు మార్చి, పేరు మార్చని బోర్డులు ఎన్నో. తప్పు ఐసొలేటర్‌కు వేసిన తాళం ఇచ్చే ధైర్యం, అసలు తాళం లేనప్పటి భయం కంటే ప్రమాదం. టెర్మినల్ ముట్టుకోవాల్సి వస్తే టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి చూడాలి, తర్వాత ఇక్కడ చూడాలి, మళ్ళీ కరెంటున్న చోట చూడాలి. మధ్యలో టెస్టర్ పాడైతే అప్పుడు గానీ తెలియదు.

తాళం తీసేది వేసినవాడే. షిఫ్టు మారితే వచ్చేవాడు తన తాళం వేశాక పోయేవాడు తనది తీయాలి, ముందు కాదు. ఎవడైనా చెవి జేబులో పెట్టుకుని ఊరికి పోతే ముందు ఫోన్ చేయాలి. అతను మిల్లులో లేడని తేలాక, మిషన్‌లో ఎవరూ లేరని ఇద్దరు స్వయంగా చూసి సంతకం పెట్టాక, అప్పుడు తాళం కోయాలి.

సీజన్‌లో ఇంత టైము ఎక్కడిదని సేట్లు అడుగుతారు. నానిన వడ్లు ట్యాంకులో ఉంటే ఆలస్యానికి వాసన పడుతుందనే భయం నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఐసొలేటర్ మిషన్ పక్కనే ఉంటే ఈ పనంతా ఐదు నిమిషాలు. అది యాభై గజాల అవతల, వేరే గదిలో, తాళమేసిన ప్యానెల్ రూములో ఉంటేనే పావుగంట. టైము తినేది తాళం కాదు, ఐసొలేటర్‌ను అక్కడ పెట్టిన పొదుపు. పైగా చాలా మిల్లుల్లో పనివాళ్ళు బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చినవాళ్ళు, ‘ఆగు’, ‘కొట్టు’ అనే మాటలు వాళ్ళకు మనలా తెలియవు. తాళానికి భాష అక్కర్లేదు.

చట్టంలో ఇవి కొత్తవి కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ తిరిగే భాగాలకు కంచె ఉండాలంది. 22వ సెక్షన్, నడుస్తున్న మిషన్‌ను పరీక్షించక తప్పనప్పుడు ప్రత్యేకంగా శిక్షణ పొందిన వయోజన పురుషుడే చేయాలని, అతని పేరు రిజిస్టరులో ఉండాలని, ఒంటికి అతుక్కునే దుస్తులు యాజమాన్యమే ఇవ్వాలని, 15 సెంటీమీటర్ల కంటే వెడల్పయిన బెల్టును కదిలే పుల్లీ దగ్గర ముట్టకూడదని రాసింది. 24వ సెక్షన్ స్విచ్ పొరపాటున ఆన్ కాకుండా తాళం ఏర్పాటు అడిగింది. 2020లో పార్లమెంటు ఈ చట్టాన్ని కొత్త కోడ్‌లో కలిపింది, ఆ కోడ్ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. మీ మిల్లులో ఆ రిజిస్టరు ఎప్పుడైనా చూశారా? అందులో ఉన్న పేర్లూ, రాత్రి పన్నెండుకు చెయ్యి పెట్టేవాళ్ళ పేర్లూ ఒకటేనా?

చెయ్యి పోయాక దాని ధర కూడా రాసి ఉంది. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలో బొటనవేలు 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14, నడిమి వేలు 12, ఉంగరపు వేలు గానీ చిటికెన వేలు గానీ 7, ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే 50. ఆ చట్టం కింద 2020 జనవరి నుంచి నెల జీతం 15,000 వరకే లెక్కకు వచ్చేది. ముప్పై ఏళ్ళ మనిషికి అందులో 60 శాతం, అంటే 9,000, దాన్ని 207.98తో గుణిస్తే 18,71,820. చూపుడు వేలుకు అందులో 14 శాతం, 2,62,000 పైచిలుకు. చిటికెన వేలుకు 1,31,000. ఈఎస్‌ఐ ఉన్నవాళ్ళకు ఇది కాదు, అక్కడి నుంచి నెలనెలా వస్తుంది. బస్తా ఎత్తే హమాలీకి పట్టు సగం చివరి రెండు వేళ్ళలోనే ఉంటుంది. జాబితా మాత్రం వాటికే అన్నిటికంటే తక్కువ కట్టింది. గుత్తేదారు మనిషి కాబట్టి మాకు సంబంధం లేదనే సేటుకు చట్టం ఆ దారి ఇవ్వలేదు. ముందు ఇవ్వాల్సింది మిల్లే, తర్వాత గుత్తేదారు దగ్గర రాబట్టుకోవచ్చు.

అయినా జరిగితే మొదటి పది నిమిషాలే ముఖ్యం. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా నొక్కి, చెయ్యి గుండె కంటే పైకి ఎత్తి ఉంచాలి. వేలికి సుతిలి బిగించి కట్టకూడదు. పసుపు, కాఫీ పొడి, గ్రీజు, ఏదీ రాయకూడదు. తెగిన వేలిని శుభ్రమైన నీళ్ళతో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టాలి. ఆ సంచిని నీళ్ళూ ఐసూ కలిసిన డబ్బాలో ఉంచాలి. వేలు నేరుగా ఐసును తాకితే మాడిపోతుంది, నీళ్ళల్లో నానినా పాడవుతుంది. 108కు చేసేటప్పుడే వేలు తెగిందని, అతికించే ఆపరేషన్ ఉన్న ఆసుపత్రి కావాలని చెప్పాలి. నల్లగొండ నుంచయినా మహబూబ్‌నగర్ నుంచయినా హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరం, మిర్యాలగూడ నుంచి ఇంకా ఎక్కువ. చల్లగా ఉన్న వేలికి ఆ దూరం దాటే టైము ఉంటుంది, ఎండలో చొక్కా జేబులో పెట్టిన వేలికి ఉండదు. సంచి మీద పేరు, తెగిన గంట రాసి, మనిషితో పాటు అదే బండిలో పంపాలి. వేలు కనపడకపోతే దానికోసం మనిషిని ఆపకూడదు. బండి కదలాలి. ఒకరు వెనక ఉండి మిషన్‌లో వెతకాలి. వెతికేవాడు చెయ్యి పెట్టే ముందు తన తాళం వేసుకోవాలి.